డిస్కు పోతే పోనీ, ఫోటోలు రానీ

చెడిపోతున్న హార్డ్ డిస్కును చూడగానే ఎవరికైనా దాన్ని బాగుచెయ్యాలనే బుద్ధి పుడుతుంది. తంటా అంతా అక్కడే మొదలవుతుంది. హార్డ్ డిస్కు బాగుపడే వస్తువు కాదు. కొన్ని వేలు పారేస్తే బజారులో కొత్తది వస్తుంది. రానిది అందులో దాచుకున్న సరుకు. డిస్కును నిలబెట్టడం, సరుకును బయటికి తెచ్చుకోవడం ఒకటే పని అనుకుంటాం గానీ, చాలాసార్లు మొదటిది చెయ్యబోయి రెండోదాన్ని చెడగొట్టుకుంటాం.

ఈ మాట మా వీధి ఫోటో స్టూడియో పిల్లోడికి చెప్పాల్సి వచ్చింది. ఇక్కడే అనంతపురంలో తొమ్మిదో తరగతి సైన్సు నా దగ్గర చదువుకున్నాడు. మాఘం నుంచి వైశాఖం దాకా తీసిన పెళ్ళిళ్ళన్నీ ఒకే ఎక్స్‌టర్నల్ డిస్కులో పెట్టుకున్నాడు. అది పట్టుకొని మిట్టమధ్యాహ్నం ఎండలో పరిగెత్తుకొచ్చాడు.

"సార్, టిక్కు టిక్కుమంటోంది. ఫోల్డర్లు కనబడతాయి. తెరిస్తే మాత్రం గుండ్రం తిరుగుతానే ఉంటుంది. చెక్ డిస్క్ కొట్టేదా?"

"కొట్టాకు అబ్బీ. ముందు వైరు పీకు."

"పీకితే మళ్ళీ వస్తుందో రాదో సార్!"

"ఇంకో గంట తిప్పితే అసలుకే రాదు."

వాడి భయం న్యాయమైనదే. పోబోతున్నదాన్ని చేతిలోంచి వదలాలంటే ఎవరికీ మనసొప్పదు. కానీ ఆ టిక్కు ఎక్కడి నుంచి వస్తోందో తెలిస్తే వాడే పీకేసి ఉండేవాడు.

ఎక్స్‌టర్నల్ డిస్కు అంటే మరేం లేదు. పాత ల్యాప్‌టాపుల్లో ఉండే రెండున్నర అంగుళాల డిస్కునే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి యూఎస్‌బీ వైరు తగిలిస్తారు. లోపల నున్నటి బిళ్ళలు ఒకటో రెండో ఉంటాయి. వాటి మీద అయస్కాంత గుణమున్న పూత పల్చగా వేసి ఉంటుంది. మనం దాచే ప్రతి అక్షరం, ప్రతి ఫోటో ఆ పూతలో ఉత్తర ధ్రువం, దక్షిణ ధ్రువం వరసలుగానే ఉంటుంది. బిళ్ళ నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది. దాని అడ్డకొలత 65 మిల్లీమీటర్లు. లెక్క కట్టి చూడండి, అంచు గంటకు 66 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. డెస్క్‌టాప్ డిస్కుల బిళ్ళలు ఇంకా పెద్దవి, నిమిషానికి 7,200 చుట్లు. అక్కడ అంచు వేగం 129 కిలోమీటర్ల దాకా పోతుంది.

ఆ వేగానికి బిళ్ళ మీద గాలి కూడా పొరగా తిరుగుతుంది. చదివే ముక్క, అంటే హెడ్డు, ఆ గాలిపొర మీద తేలుతూ ఉంటుంది. ఎంత ఎత్తున? ఈనాటి డిస్కుల్లో కొద్ది నానోమీటర్లు. మన తల వెంట్రుక మందం 70, 80 వేల నానోమీటర్లు ఉంటుంది. అంత సందులో హెడ్డు బిళ్ళకు తగలకుండా ఏళ్ళ తరబడి అటూ ఇటూ తిరగడమే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాని సంగతి. డిస్కులు పోతాయంటే నాకు ఆశ్చర్యం లేదు. ఇన్నాళ్ళు ఉండడమే ఆశ్చర్యం.

1956లో ఐబీఎం వాళ్ళు మొట్టమొదటి హార్డ్ డిస్కును అమ్మినప్పుడు అది దాదాపు టన్ను బరువుండేది. రెండడుగుల బిళ్ళలు 50. అన్నింటిలో కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇప్పటి ఫోన్‌తో తీసిన ఒక పెద్ద ఫోటో అందులో పట్టదు.

సరే, టిక్కు సంగతి. బిళ్ళ మీద మన సరుకుతో పాటు దారి గుర్తులు కూడా కంపెనీలోనే రాసి పంపిస్తారు. హెడ్డు వాటిని చదువుకుంటూ తానెక్కడుందో తెలుసుకుంటుంది. హెడ్డు దెబ్బతిన్నా, పూత గీసుకుపోయినా ఆ గుర్తులు కనబడవు. అప్పుడు హెడ్డు చెయ్యి మొదటికి పోయి మళ్ళీ వెతుక్కుంటూ వస్తుంది. మళ్ళీ దొరకదు, మళ్ళీ మొదటికి. ఆ పోయి తగిలే చప్పుడే టిక్కు. లోపల గీత పడి ఉంటే ఒక్కో రాకపోకకు ఆ గీత ఇంకాస్త వెడల్పవుతుంది, లేచిన పొడి ఇంకో చోట గీస్తుంది. టిక్కు టిక్కుమంటున్న డిస్కును "ఇంకోసారి చూద్దాం" అని పెట్టి పెట్టి చూసేవాళ్ళు తమ ఫోటోలను తామే గీకేసుకుంటున్నట్టు లెక్క.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. ఎండే బోరును ఎట్లా వాడుకోవాలో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. బోరు గాలి కొట్టడం మొదలయ్యాక మోటారును ఆపకుండా తిప్పే రైతు ఉండడు. తిప్పితే నీళ్ళు రాకపోగా మోటారు కాలుతుంది. ఆపుతాడు, కాసేపు ఊట పట్టనిస్తాడు, తేలిగ్గా వచ్చేవి తోడుకుంటాడు. అడుగున బురదతో కలిసి వచ్చే నీళ్ళ సంగతి ఆఖర్న చూసుకుంటాడు. చెడిపోతున్న డిస్కులోంచి డేటా తోడడంలో ఉన్న శాస్త్రమంతా ఇంతే. స్టూడియో పిల్లోడిది రైతు కొంప. ఇది చెప్పగానే వాడే వైరు పీకేశాడు.

చెక్ డిస్క్ వద్దన్నది కూడా ఇందుకే. అది ఫైళ్ళ పట్టికలో తేడాలు కనబడితే దిద్దుతుంది. దిద్దడమంటే డిస్కు మీద రాయడం. మంచి డిస్కులో పట్టిక ఒకటే తప్పితే ఆ పని మంచిదే. బిళ్ళే పోతున్నప్పుడు దిద్దుబాటు మొదలెడితే, నిన్నటిదాకా పేరుతో ఉన్న ఫోల్డరు తెల్లారేసరికి పేరూ ఊరూ లేని ముక్కలుగా మిగులుతుంది.

డిస్కు తన ఆరోగ్యం లెక్కలు తానే రాసుకుంటుంది. స్మార్ట్ అంటారు దాన్ని. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాముతో చూడొచ్చు. అందులో నేను చూసేవి నాలుగే. 5వ నంబరు లెక్క, పనికిరాక పక్కన పెట్టిన సెక్టార్లు, అంటే బిళ్ళ మీద డేటా రాసే చిన్న చిన్న గళ్ళు. 197, చదవడానికి మొండికేసి ఇంకా ఏమీ తేలకుండా ఉన్నవి. 198, ఇక చదవలేనని చేతులెత్తేసినవి. ఈ మూడింట్లో ఏదైనా సున్నా దాటి పెరుగుతోందంటే మంచి సూచన కాదు. నాలుగోది 199. అది పెరిగితే తప్పు చాలాసార్లు డిస్కుది కాదు, వైరుది. వంద రూపాయల కేబులు మారిస్తే సరిపోయేదానికి డిస్కును పారేసినవాళ్ళను చూశాను.

అయితే స్మార్ట్ మీద మరీ భరోసా పెట్టుకోకూడదు. గూగుల్ వాళ్ళు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో ఒక పరిశోధన పత్రం అచ్చేశారు. పోయిన డిస్కుల్లో 36 శాతానికి పైగా, వేడి ఒక్కటి పక్కన పెడితే, ఈ లెక్కల్లో ఏ సూచనా ఇవ్వకుండానే పోయాయి. అదే పత్రంలో ఇంకో మాట ఉంది. తనను తాను తనిఖీ చేసుకునేటప్పుడు డిస్కుకు మొదటి తప్పు కనబడిందంటే, ఆ తర్వాత 60 రోజుల లోపు అది పోయే అవకాశం తప్పులేని డిస్కు కంటే 39 రెట్లు ఎక్కువ. అంటే సున్నా కనబడితే ధీమా పడకూడదు, అంకె కనబడితే మాత్రం ఆలస్యం చెయ్యకూడదు.

పిల్లోడి డిస్కులో 197 ఎర్రగా మూడంకెలు చూపిస్తోంది. బిళ్ళ తిరుగుతోంది, కంప్యూటరు దాన్ని గుర్తు పడుతోంది, పరిమాణం సరిగ్గా చెబుతోంది. టిక్కు కూడా ఊరికే రావడం లేదు, కొన్ని ఫోల్డర్ల మీదికి పోయినప్పుడే వస్తోంది. ఇంట్లో ప్రయత్నించగలిగేది ఇట్లాంటి డిస్కునే. తిరగనే తిరగకపోయినా, పెట్టిన క్షణం నుంచి ఆపకుండా టిక్కుమన్నా, గరగరమని గీసిన చప్పుడు వచ్చినా నేను ముట్టుకోను. అది ల్యాబు పని.

ఇక తోడే పని. అందరూ చేసేది ఫోల్డరు పట్టి కాపీ కొట్టి పేస్టు చెయ్యడం. విండోస్‌కు చదవలేని చోటు తగిలితే అక్కడే బిక్కమొహం వేసుకొని నిలబడిపోతుంది. 1 టెరాబైటు డిస్కులో 4,096 బైట్ల సెక్టార్లు 24 కోట్ల పైన ఉంటాయి. అందులో ఒక్కటి మొండికేసినా డిస్కు దాన్నే పట్టుకొని పదే పదే చదువుతుంది. సెకన్లు గడుస్తాయి. ఇస్తుందేమోనని విండోస్ మళ్ళీ అడుగుతుంది. పాడైన చోటునే ఇట్లా రుద్దుతుంటే, అవతల కోట్ల సంఖ్యలో ఉన్న మంచి సెక్టార్లకు వంతు వచ్చేలోపే డిస్కు ప్రాణం పోతుంది.

ఈ జబ్బుకు మందుగా ఆంటోనియో డియాజ్ డియాజ్ అనే ఆయన డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాము రాసి 2004 నుంచి ఉచితంగా ఇస్తున్నాడు. అది ఫైళ్ళనూ ఫోల్డర్లనూ చూడదు. డిస్కును ఒక కొస నుంచి ఇంకో కొసకు సెక్టార్ల వరసగా చదివి, వేరే డిస్కులో అచ్చం అట్లాంటి ప్రతి రాస్తుంది. చదవలేని చోటు రాగానే అక్కడ పడిగాపులు కాయదు. గుర్తు పెట్టుకొని ముందుకు దూకుతుంది. మంచి చోట్లన్నీ అయ్యాక వెనక్కొచ్చి, దూకిన చోట్ల అంచులు రెండు వైపుల నుంచీ కత్తిరించుకుంటూ వస్తుంది. ఆ తర్వాత లోపల మిగిలినవాటిని ఒక్కొక్క సెక్టారుగా గీకుతుంది. చివరికి, మనం చెబితేనే, మొండివాటిని మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. తేలికైనవి ముందు, కష్టమైనవి వెనక.

మా ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంది. దాన్ని పెన్ డ్రైవులో ఉన్న లినక్సుతో లేపాం. విండోస్ అయితే డిస్కు తగిలించగానే లోపలికి దూరి తన చిల్లర ఫైళ్ళేవో రాయబోతుంది. అది మనకొద్దు. పిల్లోడి చేత 2 టెరాబైట్ల కొత్త డిస్కు తెప్పించాను. ప్రతి పట్టేది అసలుదానికి సమానంగానైనా ఉండాలి, పెద్దదైనా అయి ఉండాలి. జబ్బు డిస్కును బల్ల మీద కదలకుండా చదునుగా పెట్టి టేబుల్ ఫ్యాను దాని మీదికి తిప్పాం. ఏది అసలు, ఏది కొత్త అని తెర మీద రెండుసార్లు చదివించాను వాడి చేత. రెండూ తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి పెళ్ళిళ్ళ మీద కూర్చుంటుంది. డీడీరెస్క్యూ వాడేవాళ్ళు చెయ్యగలిగిన ఘోరం అదొక్కటే.

మంచి డిస్కు అయితే సెకనుకు 100 మెగాబైట్ల లెక్కన 1 టెరాబైటు మూడు గంటల్లో చదివేస్తుంది. ఇది కాసేపు పరిగెత్తడం, కాసేపు నిలబడిపోవడం. రాత్రి మధ్యలో కరెంటు పోయింది. పిల్లోడు ఫోన్ చేసి, "మళ్ళీ మొదటి నుంచా సార్?" అని దాదాపు ఏడ్చాడు. అక్కర్లేదు. ఈ ప్రోగ్రాము పక్కనే మ్యాప్ ఫైలని ఒక చిన్న చిట్టా రాసుకుంటూ పోతుంది. ఎక్కడెక్కడ వచ్చింది, ఎక్కడ రాలేదు, ఎక్కడ ఇంకా చూడలేదు, అన్నీ అందులో ఉంటాయి. కరెంటు వచ్చాక అదే చిట్టా చూపిస్తే ఆగిన చోటి నుంచి అందుకుంటుంది. మన ఊళ్ళను దృష్టిలో పెట్టుకొనే రాశాడా అనిపిస్తుంది.

తెల్లారి మొదటి విడత అయిపోయేసరికి తెర మీద 99 పాయింట్ చిల్లర చూపించింది. మిగిలినదాన్ని డిస్కుకు మధ్య మధ్యలో విశ్రాంతి ఇస్తూ, ఒకసారి వెనక నుంచి ముందుకు కూడా చదివిస్తూ గీకాం. ఆఖరికి రానివన్నీ కలిపినా రెండు మూడు మెగాబైట్లు. ఆ తర్వాత అసలు డిస్కును పక్కన పెట్టేశాం. చెక్ డిస్క్ కొట్టుకో నాయనా ఇప్పుడు, ప్రతి మీద, అన్నాను. అదీ ఆ ప్రతికి ఇంకో ప్రతి తీసుకున్నాకే.

రెండు మూడు మెగాబైట్లేగా అనుకోవద్దు. అవి ఎక్కడ పడ్డాయన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక జతకు సరిగ్గా తలంబ్రాల ఫోటోల మీద పడ్డాయి. తెరిచి చూస్తే పెళ్ళికూతురు తల, చేతులు, పైకెగిరిన బియ్యం బాగానే ఉన్నాయి. నడుము దగ్గర నుంచి కింద అంతా ఒకటే బూడిద రంగు. జేపెగ్ ఫోటోలో బిట్లు ఒకదాని వెనక ఒకటిగా కుదించి ఉంటాయి. ముందుది తెలిస్తేనే వెనకది ఎక్కడ మొదలవుతుందో తెలిసేది. మధ్యలో ఒక్క సెక్టారు పోతే దాని వెనకున్నవి క్షేమంగా ఉండీ అక్కరకు రావు. పిల్లోడి మొహం కూడా బూడిద రంగుకు తిరిగింది. అప్పుడు అడిగాను, రా ఫైళ్ళు, అంటే కెమెరా జేపెగ్ చెయ్యకముందు దాచే అసలు ఫైళ్ళు, తీశావా అని. పెళ్ళిళ్ళకు కెమెరాలో రెండూ తీస్తాడంట. ఆ రా ఫైళ్ళలో ఒక సంగతుంది. కెమెరా వెనక తెర మీద చూపించడానికి ప్రతి రా ఫైలు లోపలా ఒక జేపెగ్ ప్రతిని కూడా ఇముడుస్తుంది. చాలా కెమెరాల్లో అది పూర్తి సైజుదే ఉంటుంది. సెక్టారు రా భాగంలో పోయినా లోపలి జేపెగ్ బతికి ఉండొచ్చు. దాన్ని విడిగా లాగే ఉచిత ప్రోగ్రాములున్నాయి. తలంబ్రాలు నిలువెల్లా వచ్చాయి.

డిస్కు బాగుండి, పొరపాటున ఫైలు చెరిపేసిన కేసు వేరు. చెరపడమంటే పట్టికలో ఈ చోటు ఖాళీ అని రాసుకోవడమే. ఫోటో అక్కడే ఉంటుంది, ఇంకోటి వచ్చి దాని మీద కూర్చునేదాకా. ఫోటోరెక్ అనే ప్రోగ్రాము పట్టిక జోలికి పోకుండా, జేపెగ్ ఫైళ్ళన్నింటికీ మొదట్లో ఉండే ఒకే రకం గుర్తు బైట్లను వెతికి ఫోటోలను ఏరుతుంది. పేర్లు రావు, బొమ్మలు వస్తాయి. కెమెరా కార్డులకు బాగా పనిచేస్తుంది. దొరికినవాటిని మళ్ళీ ఆ కార్డులోనే రాయకుండా ఉంటే చాలు. కొత్త ల్యాప్‌టాపుల ఎస్సెస్డీలకు మాత్రం ఈ ఆశ తక్కువ. వాటిలో చెరిపిన చోటును చిప్పే తీరిగ్గా నిజంగా తుడిచేస్తుంది. పైగా అవి టిక్కుమనవు, గరగరమనవు. నిన్న ఉంటాయి, ఇవాళ ఉండవు.

కొన్ని డిస్కులు ల్యాబు పని అన్నాను కదా. బెంగళూరులోనూ హైదరాబాదులోనూ ఉన్నాయి. ధూళి లేని గదిలో డిస్కు మూత తీసి, అదే మోడలు డిస్కులోంచి హెడ్లు తెచ్చి మార్చి, ఒక్కసారి చదవగలిగినంత సేపు నిలబెట్టి తోడతారు. ఖర్చు వేలల్లో మొదలవుతుంది. ఎంతదాకా చెయ్యగలరో చెప్పడానికి ఒక ఉదాహరణ. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక దిగివస్తూ ముక్కలైపోయింది. మన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు పోయారు. శిథిలాల్లో కాలి కరిగిన హార్డ్ డిస్కు ఒకటి దొరికింది. కొన్ని వందల మెగాబైట్లది. సీలు కరిగి మట్టి లోపలికి పోయింది, ఎలక్ట్రానిక్సు మాడిపోయాయి. క్రోల్ ఆన్‌ట్రాక్ అనే సంస్థ వాళ్ళు బిళ్ళలను రసాయనాలతో కడిగి వేరే డిస్కులో కూర్చోబెట్టి చదివితే 99 శాతం వచ్చింది. జెనాన్ వాయువు మీద అంతరిక్షంలో చేసిన ప్రయోగం కొలతలవి. కలియబెడితే దాని చిక్కదనం ఎట్లా మారుతుందని చూశారు. ఆ ఫలితాలు 2008లో ఫిజికల్ రివ్యూ పత్రికలో అచ్చయ్యాయి. బిళ్ళలు వంకర పోలేదు, మట్టి గీసిన భాగంలో డేటా పెద్దగా లేదు. అదృష్టం కూడా కలిసొచ్చింది.

ఆకాశం నుంచి పడినదాంట్లోంచే వచ్చింది కదా, నా డిస్కు మూత నేనే తీస్తే ఏం పోతుందని మనలో కొందరికి అనిపిస్తుంది. అనంతపురంలో మూత తియ్యడం! బొమ్మనహాళ్, కణేకల్లు వైపు హగరి ఒడ్డున ఇసుక దిబ్బలు లేస్తున్న జిల్లా ఇది. ఆషాఢం గాలికి తలుపులు మూసుకున్న ఇంట్లోనే బల్ల మీద వేలితో పేరు రాయొచ్చు. కంటికి కనబడని సన్నటి ధూళి రేణువు కూడా రెండు మూడు వేల నానోమీటర్లుంటుంది. హెడ్డు తేలే సందు కొద్ది నానోమీటర్లు.

అట్లాగని మన దుమ్ము వల్లే డిస్కులు పోతున్నాయనుకోవడమూ సరి కాదు. పిల్లోడు అదే అడిగాడు. డిస్కును తిప్పి చూపించాను. మూత మీద గుండుసూది పట్టేంత బెజ్జం, పక్కన దీన్ని మూయొద్దని చిన్న అక్షరాలు. లోపలి గాలి వేడికి వ్యాకోచిస్తుంది, చల్లబడితే కుంచించుకుంటుంది. బయటి ఒత్తిడితో సరిపెట్టుకోవడానికి ఆ బెజ్జం. దాని వెనక వడపోత గుడ్డ ఉంటుంది. ఊపిరి పీల్చుకుంటుంది గానీ దుమ్మును రానివ్వదు. డెస్క్‌టాప్ పెట్టెలో ఫ్యాన్లకు పట్టి గాలి ఆడకుండా చెయ్యడమే మన దుమ్ము చేసే చెరుపు.

మరి వేడి? ఆ గూగుల్ పత్రంలోనే వేడికీ డిస్కు చావుకూ అందరూ అనుకునేంత సంబంధం కనబడలేదు. చల్లటివే కాస్త ఎక్కువ పోయాయి కూడా. మరీ వేడెక్కినవాటిలో, అందులోనూ మూడేళ్ళు దాటినవాటిలో మాత్రం తేడా తెలిసింది. అది చూసి మనం సంబరపడనక్కర్లేదు. వాళ్ళ డిస్కులు ఏసీ గదుల్లోవి. చాలా డిస్కులు 60 డిగ్రీల దాకా ఓర్చుకుంటాయని కంపెనీలు రాస్తాయి. మే నెలలో రేకుల కప్పు కింద గది 42 డిగ్రీలుంటే, ప్లాస్టిక్ డబ్బాలో గంటల తరబడి పనిచేసే డిస్కు ఆ గీతకు దగ్గర్లోకి పోతుంది. దాన్ని చల్లబరచాలని ఫ్రీజర్లో పెట్టే వైద్యం ఒకటి ప్రచారంలో ఉంది. ఫ్రీజర్లోంచి తీసిన చెంబు మీద నీళ్ళెట్లా పడతాయో చూశారు కదా. బిళ్ళ మీదా అంతే.

కరెంటు పోవడం గురించి ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఉన్నట్టుండి కరెంటు పోతే బిళ్ళ నెమ్మదిస్తుంది, గాలిపొర పల్చబడుతుంది, హెడ్డు బిళ్ళ మీద కూలబడాలి. కూలబడదు. సరఫరా ఆగిన క్షణాన బిళ్ళ ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఆ తిరుగుడుకు దాని మోటారే జనరేటరుగా మారి కాసింత కరెంటు పుట్టిస్తుంది. హెడ్డు చెయ్యి ఆ కరెంటుతోనే బిళ్ళ పక్కనున్న ర్యాంపు ఎక్కి కూర్చుంటుంది. బడిలో చదువుకున్న ఫారడే పాఠం, ప్రతి కరెంటు కోతకూ మీ డిస్కులో ఒకసారి జరుగుతోంది. కోత వల్ల హెడ్డు పోదు. సగం రాసిన ఫైలు పోతుంది. హెడ్డుకు అసలు శత్రువు కింద పడడం, అదీ తిరుగుతున్నప్పుడు. పిల్లోడిని గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పాడు, రిసెప్షన్ హాల్లో వైరు కాలికి తగిలి ల్యాప్‌టాప్‌తో సహా కుర్చీ మీద నుంచి జారిందని.

"ఇకమీదట రెండు డిస్కుల్లో పెడతాను సార్."

"రెండూ ఒకే బీరువాలో పెడతావు. దొంగ రెండూ తీసుకుపోతాడు. ఒకటి మీ ఊళ్ళో మీ అవ్వ దగ్గర పెట్టు."

ఎక్కువ ప్రతులుంటే ఏమవుతుందో మన సీమవాళ్ళకు వేరే చెప్పాలా? కదిరి పక్కన కటారుపల్లిలో వేమన సమాధి ఉంది గానీ, ఆయన తన చేత్తో రాసిన ప్రతి ఎక్కడా లేదు. ఊరూరా జనం రాసుకున్న తాటాకులున్నాయి. ఒకదాంట్లో పురుగు తిన్నది ఇంకోదాంట్లో బాగుంటుంది. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ అట్లాంటి ప్రతులను పోగుచేయించి, పండితులను పెట్టి పోల్చి చూసి, 1829లో 693 పద్యాలు అచ్చేయించాడు. డీడీరెస్క్యూ కూడా సరిగ్గా ఈ పని చేస్తుంది. ఒకే సరుకున్న రెండు సీడీలు చెరో చోట పాడైతే, రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి చదివించి, దీంట్లో లేనిది దాంట్లోంచి పూడ్చి ఒక పూర్తి ప్రతి తయారుచేస్తుంది. చిల్లులు రెండింట్లో ఒకే చోట పడి ఉండే అవకాశం బహు తక్కువ.

పాత డిస్కును ఏం చెయ్యాలని అడిగాడు. ఆల్బములన్నీ డెలివరీ ఇచ్చేదాకా ఉంచమన్నాను. తర్వాత పాత సామాన్లవాడికి వెయ్యొద్దు. అందులో జనాల ఆడబిడ్డల ఫోటోలున్నాయి, డిస్కు నీకు తెరుచుకోకపోయినంత మాత్రాన ఇంకొకడికి తెరుచుకోదని లేదు. మూత తీసి బిళ్ళలు పగలగొట్టు. ఇప్పుడు ఎంత దుమ్ము పడినా పర్వాలేదు. డెస్క్‌టాప్ డిస్కుల్లో ఎక్కువగా అల్యూమినియం బిళ్ళలు, సుత్తితో కొడితే వంగుతాయి. ఈ చిన్నవాటిలో చాలావరకు గాజువి, పెంకులై కళ్ళలోకి ఎగురుతాయి. గోనెసంచిలో చుట్టి కొట్టు. హెడ్డు చేతి మొదట్లో నియోడిమియం అయస్కాంతాలుంటాయి. అవి మాత్రం పారెయ్యాకు, నాకు తెచ్చియ్యి, పిల్లోళ్ళకు చూపిస్తాను. రెండూ దగ్గరికి తేవాకు, మధ్యలో వేలు పడితే నలిగిపోతుంది.